బ్రిడ్జ్ పికప్ మార్చాలి: జేబీనా, 59నా, ఇంకేదైనానా?

కొర్లగుంట కుర్రాడు
అందరికీ నమస్కారం. నాది తిరుపతి. స్ట్రాట్ తరహా హెచ్ఎస్ఎస్ గిటార్ (బ్రిడ్జ్ దగ్గర ఒక హంబకర్, మిగతావి రెండు సింగిల్ కాయిల్ పికప్‌లు) ఒకటి సెకండ్‌హ్యాండ్‌లో కొన్నాను. కంపెనీ పేరు చెప్తే చర్చ అటు పోతుంది, వద్దులెండి. ఆర్కెస్ట్రాలో వాయిస్తాను. పెళ్ళి రిసెప్షన్లు, వినాయక చవితి మండపాలు, గంగమ్మ జాతరప్పుడు వీధి స్టేజీలు. ఆంప్ ఉండదు, ఎఫెక్ట్స్ ప్రాసెసర్ నుంచి నేరుగా మిక్సర్‌కే.

బాధంతా బ్రిడ్జ్ హంబకర్‌తోనే, అంటే బ్రిడ్జ్ దగ్గర తీగల మోతని సిగ్నల్‌గా మార్చే రెండు కాయిల్స్ పికప్‌తోనే. క్లీన్‌లో చెవిలో గుచ్చుకుంటుంది. డిస్టార్షన్ వేస్తే లావు తీగలు రెండూ కలిసిపోయి ఒకటే బురద. రెండు స్వరాల పవర్ కార్డ్ వరకు పర్వాలేదు, నాలుగు స్వరాల మైనర్ సెవెన్త్ కార్డ్ పట్టుకుంటే ఏ స్వరం ఏదో తెలియదు. పైగా మానిటర్ పక్కన నిలబడితే కీచుమంటుంది. అది తీగ మోగి వచ్చే ఫీడ్‌బ్యాక్ కాదు, తీగలన్నీ చేత్తో నొక్కేసినా ఆగడం లేదు.

నెట్‌లో ఎవరిని అడిగినా సేమోర్ డంకన్ జేబీ అంటున్నారు. దానికి 16.4 కిలో ఓమ్స్ అని రాశారు. అదే కంపెనీ 59 మోడల్‌కి 8 చిల్లర. అంటే జేబీకి రెట్టింపు సౌండ్ వస్తుందా? కొత్తది కొంటే నా గిటార్ ఖరీదులో సగం పైనే అవుతుంది, కాబట్టి కొంటే సరైనదే కొనాలి. తిరుపతిలో బిగించేవాళ్ళు ఎవరైనా ఉంటే అదీ చెప్పండి.

రేణిగుంట రిఫ్
జేబీ. కళ్ళు మూసుకుని కొనెయ్. దీనికింత చర్చ ఎందుకు.

ఓమ్స్ శాంతి
జేబీ మంచి పికప్పే. కానీ ఆ "రెట్టింపు" దగ్గర ఆగాలి. ఓమ్స్ అనేది చుట్టిన రాగి తీగకి ఉన్న డీసీ రెసిస్టెన్స్, అంతే. తీగ సన్నదైతే అన్నే చుట్లకి ఎక్కువ ఓమ్స్ చూపిస్తుంది. 42 గేజ్ తీగతో చుట్టిన పికప్‌నీ, ఇంకా సన్నటి 44 గేజ్ తీగతో చుట్టిన పికప్‌నీ ఓమ్స్‌లో పోల్చడం బిందె బరువు చూసి నీళ్ళ రుచి చెప్పినట్టే. ఎంత సౌండ్ వస్తుందన్నది చుట్ల సంఖ్య, మాగ్నెట్ బలం, కోర్‌లోని ఇనుము, గిటార్ తీగకి పికప్‌కి మధ్య దూరం, వీటన్నిటి మీదా ఆధారపడుతుంది.

జేబీ 59 కంటే గట్టిగా వస్తుందా అంటే వస్తుంది. రెట్టింపు రాదు.

టంకం మేస్త్రీ
తమ్ముడూ, నేను చిత్తూరు. గిటార్లు, కీబోర్డులు, ఆంప్లిఫయర్లు రిపేరు చేస్తాను. కొనే ముందు ఇవి చెప్పు.

ఒకటి, ప్రాసెసర్‌లో క్యాబ్ సిమ్యులేషన్ (గిటార్ స్పీకర్ సౌండ్‌ని అనుకరించేది) ఆన్‌లో ఉందా? రెండు, వెనక ప్లేట్ విప్పితే వాల్యూమ్ పాట్ (నాబ్ కిందుండే రెసిస్టర్) మీద ఏం రాసి ఉంది, 250 కె నా 500 కె నా? మూడు, చివరి ఫ్రెట్ దగ్గర తీగ నొక్కి పట్టుకుని, పికప్ మీద తీగ కిందుండే లోహపు పోల్‌కీ తీగకీ మధ్య ఎంత సందు ఉందో స్కేలుతో కొలువు. నాలుగు, ప్రాసెసర్ ఆన్‌లో పెట్టి పికప్ మీద గోటితో కొట్టు. టక్ టక్ అని స్పీకర్‌లో గట్టిగా వినిపిస్తుందా?

మల్టీమీటర్ ఉంటే కేబుల్ గుచ్చి, సెలెక్టర్ బ్రిడ్జ్ మీద పెట్టి, వాల్యూమ్ ఫుల్‌గా తిప్పి, జాక్ దగ్గర ఓమ్స్ ఎంతో కూడా చూడు.

గ్రీమ్స్‌పేట గిటార్
మేస్త్రీ గారి మొదటి ప్రశ్నే అసలు ప్రశ్న. గిటార్ స్పీకర్ 5 కిలో హెర్ట్జ్ పైన బాగా పడిపోతుంది. డిస్టార్షన్‌లో పుట్టే గరగర అంతా ఆ పైనే ఉంటుంది. క్యాబ్ సిమ్ లేకుండా మిక్సర్‌కి పంపితే ట్వీటర్ ఆ గరగరంతా బయటపెడుతుంది. చర్చిలో వాయించే కుర్రాళ్ళు నా దగ్గరికి ఇదే గోడు తెస్తారు. సగం మందికి పికప్ మార్చే పని ఉండదు.

కొర్లగుంట కుర్రాడు
క్యాబ్ సిమ్ ఆన్‌లోనే ఉందన్నా, నెక్ పికప్ బాగానే వినిపిస్తుంది. మిగతావి చూశాను.

పాట్ మీద బి500కె అని ఉంది. చిన్న సైజు పాట్. సందు లావు తీగ వైపు 1 మిల్లీమీటరు కూడా లేదు, సన్న తీగ వైపు 1.5 ఉంటుందేమో. గోటితో కొడితే మైకు మీద కొట్టినట్టే వినిపిస్తోంది. పికప్ దగ్గర నోరు పెట్టి "హలో" అంటే అది కూడా వచ్చింది!

జాక్ దగ్గర మీటర్ 14.2 చూపించింది.

రేణిగుంట రిఫ్
హలో వచ్చిందా, ఇక సింగర్‌కి డబ్బులు మిగిలినట్టే.

టంకం మేస్త్రీ
అయితే కీచుకి కారణం దొరికింది. లోపల కాయిల్ చుట్లు వదులుగా ఉన్నాయి, మైనం పట్టించలేదు, లేదా సరిగ్గా పట్టలేదు. స్పీకర్ శబ్దానికి చుట్లే కదులుతున్నాయి. దాన్నే మైక్రోఫోనిక్ అంటారు. కరిగించిన పారఫిన్ మైనంలో ముంచితే చాలావరకు తగ్గుతుంది. వేడి 65 డిగ్రీలు దాటకూడదు, దాటితే కాయిల్ చుట్టిన బాబిన్ వంకర పోతుంది. నీళ్ళ గిన్నెలో ఇంకో గిన్నె పెట్టే చేయాలి. మైనాన్ని నేరుగా మంట మీద పెట్టావంటే అంటుకుంటుంది. ఇంట్లో వద్దు, నా దగ్గరికి తీసుకురా.

ముందు పికప్‌ని కిందికి దించు. లావు తీగ వైపు 2.5, సన్న తీగ వైపు 2. పక్కనున్న రెండు స్క్రూలే, పైసా ఖర్చు లేదు. బురదలో సగం అక్కడే పోతుంది.

ఓమ్స్ శాంతి
14.2 దగ్గర చిన్న లెక్క ఉంది, సరదాగా చూద్దాం. జాక్ దగ్గర కొలిచినప్పుడు పికప్ ఒక్కదాన్నే కొలవడం లేదు. దానికి సమాంతరంగా 500 కె వాల్యూమ్ పాట్ ఉంది. టోన్ పాట్ లెక్కలోకి రాదు, కెపాసిటర్ డీసీని ఆపేస్తుంది కాబట్టి. పాట్‌ని తీసేసి లెక్కిస్తే పికప్ విలువ 14.6 వస్తుంది.

ఇంకొకటి. కొలిచింది మధ్యాహ్నమా? రాగి రెసిస్టెన్స్ ఒక్కో డిగ్రీకి దాదాపు 0.39 శాతం పెరుగుతుంది. మన ఊరి ఎండకి గది 38 డిగ్రీలు ఉందనుకుంటే, 20 డిగ్రీల దగ్గర ఇదే పికప్ 13.6 చూపిస్తుంది. డిమార్జియో సూపర్ డిస్టార్షన్‌కి కంపెనీ ఇచ్చే అంకె 13.68. అంకెలు కలిశాయని రెండూ ఒకటేలా మోగుతాయా? మోగవు. నేను ముందు చెప్పింది ఇదే.

నెట్‌లో కొన్న జేబీ మే నెలలో 17.5 చూపించిందని నకిలీ అనుకుని వాపసు పంపేవాళ్ళు ఉంటారు. ఎండని కూడా కాస్త లెక్కేసుకోండి.

కొర్లగుంట కుర్రాడు
సార్, మధ్యాహ్నం రెండింటికే కొలిచాను, అదీ రేకుల గదిలో. 40 పైనే ఉంటుంది.

అంటే నా పాత పికప్ ఇప్పటికే ఔట్‌పుట్ ఎక్కువున్న హాట్ పికప్ అన్నమాట. ఇంకా హాట్‌గా ఉండే జేబీ పెడితే లాభం ఏంటి?

గ్రీమ్స్‌పేట గిటార్
ఇప్పుడు సరైన ప్రశ్న అడిగావు. అందరూ "నా గిటార్‌లో ఏది తక్కువైంది" అని వెతుకుతారు. బ్రిడ్జ్ పికప్ విషయంలో "ఏది ఎక్కువైంది" అని చూడాలి. నీకు ఔట్‌పుట్ ఎక్కువైంది, ఎగువ మిడ్స్ ఎక్కువయ్యాయి, కింద బేస్ వదులుగా ఎక్కువైంది. గెయిన్ ఎంత కావాలన్నా ప్రాసెసర్ ఇస్తుంది. ఆ రోజుల్లో ట్యూబ్ ఆంప్‌ని ముందు నుంచి నెట్టాలంటే హాట్ పికప్ అవసరం పడేది. 1972లో సూపర్ డిస్టార్షన్ వచ్చింది అందుకే. నీ మెడ మీద ఆ బరువు లేదు.

నా ఓటు 59 బ్రిడ్జ్. 8.1 కిలో ఓమ్స్, ఆల్నికో 5 మాగ్నెట్. కార్డ్ విడివిడిగా వినిపిస్తుంది, సింగిల్ కాయిల్స్‌తో వాల్యూమ్ కూడా సమంగా ఉంటుంది.

రేణిగుంట రిఫ్
59 బ్రిడ్జ్‌లో పల్చగా ఉంటుందన్నా. లీడ్ కొడితే ఒంట్లో రక్తం లేనట్టు ఉంటుంది. ఎడ్డీ వాన్ హేలెన్ స్ట్రాట్ బాడీలో హంబకర్ పెట్టింది లావుగా రావడానికే కదా?

గ్రీమ్స్‌పేట గిటార్
ఆయన పెట్టింది పాత గిబ్సన్ గిటార్‌లోంచి తీసిన పాఫ్. అది హాట్ పికప్ కాదు నాయనా. నా మాటకే సాక్ష్యం తెచ్చావు, సంతోషం.

ఓమ్స్ శాంతి
పాఫ్ మాట వచ్చింది కాబట్టి ఒక ముక్క. గిబ్సన్ ఇంజనీరు సేథ్ లవర్ 1955లో హంబకర్‌కి పేటెంట్ అడిగారు, వచ్చింది 1959లో. ఆ రోజుల్లో తయారైన వాటి అడుగున "పేటెంట్‌కి దరఖాస్తు చేశాం" అని స్టిక్కర్ అంటించారు. పేటెంట్ అప్లైడ్ ఫర్ అనే ఆ మూడు ఆంగ్ల పదాల మొదటి అక్షరాలే పాఫ్. అప్పట్లో ఆయన వెతికింది గట్టి సౌండ్ కోసం కాదు, కరెంటు హమ్ పోగొట్టడం కోసం.

మెటల్ మురకంబట్టు
ఎవరూ ఈఎంజీ 81 అనలేదేంటి? హమ్ సున్నా. పాత పికప్‌లో హలో వస్తుందన్నాడు, 81లో ఆ గోల ఉండదు.

టంకం మేస్త్రీ
అది యాక్టివ్. 9 వోల్టుల బ్యాటరీ కావాలి, 25 కె పాట్స్ కావాలి, స్టీరియో జాక్ కావాలి. ఇతని గిటార్‌లో ఇంకో రెండు పాసివ్, అంటే బ్యాటరీ లేని, సింగిల్ కాయిల్స్ ఉన్నాయి. 25 కె పాట్ మీద అవి చచ్చిపోతాయి, 500 కె పాట్ మీద 81 వాల్యూమ్ స్విచ్ వేసినట్టు ఒక్కసారి పడుతుంది. అన్నీ యాక్టివ్ చేయాలి, లేకపోతే వద్దు. బ్యాటరీ పెట్టడానికి స్ట్రాట్ గుంటలో చోటు ఎక్కడుంది? కేబుల్ జాక్‌లోనే వదిలేసి పడుకుంటే బ్యాటరీ ఖర్చవుతూనే ఉంటుంది, అదొకటి. మెటల్ బ్యాండ్ అయితే నేనే 81 బిగిస్తాను. పెళ్ళిలో మెలొడీ పాట వాయించేవాడికి అనవసరం.

మెటల్ మురకంబట్టు
ఒప్పుకుంటున్నా. పెళ్ళిలో బ్రేక్‌డౌన్ కొట్టే రోజు వస్తే పిలవండి.

గమకం
నేను కర్ణాటక సంగీతం గిటార్ మీద వాయిస్తాను, తిరుపతే. నా అవసరం వేరు కానీ ఒక మాట ఉపయోగపడొచ్చు. పికప్ తీగకి మరీ దగ్గరగా ఉంటే మాగ్నెట్ తీగని లాగుతుంది. గమకం పలికించేటప్పుడు అది బాగా తెలుస్తుంది. తీగ సాగదీసి స్వరం దగ్గర నిలబెట్టినా లోపల చిన్న వణుకు వస్తుంది, నాదం తొందరగా చచ్చిపోతుంది. స్ట్రాట్ సింగిల్ కాయిల్స్‌లో పోల్స్ స్వయంగా మాగ్నెట్లు కాబట్టి అక్కడ మరీ ఎక్కువ. హంబకర్‌లో తక్కువే గానీ 1 మిల్లీమీటరు అంటే దగ్గరే.

నేను ఆల్నికో 2 హంబకర్ వాడతాను. మెత్తగా ఉంటుంది, పై స్వరాలు గుచ్చుకోవు. మీ ఆర్కెస్ట్రాలో డ్రమ్స్, కీబోర్డ్ మధ్యలో అది మునిగిపోవచ్చు. మా కచేరీలో మృదంగం, వయొలిన్, అంతే కదా.

కొర్లగుంట కుర్రాడు
థాంక్స్ అక్కా. మేస్త్రీ అన్న చెప్పిన ఎత్తుకి దించాను. నిజంగానే బురద తగ్గింది, లావు తీగ కొట్టిన వెంటనే స్పష్టంగా వస్తోంది. గుచ్చుకోవడం మాత్రం అలాగే ఉంది. కీచు కొంచెం ఆలస్యంగా వస్తోంది, అంతే.

టంకం మేస్త్రీ
గుచ్చుకోవడానికి ఒక రూపాయి ప్రయోగం. 470 కె రెసిస్టర్ ఒకటి కొను, ఏ ఎలక్ట్రానిక్స్ షాపులోనైనా ఉంటుంది. వాల్యూమ్ పాట్‌కి చివర ఉన్న రెండు కాళ్ళకి, అంటే పికప్ వైరు వచ్చే కాలికీ గ్రౌండ్ కాలికీ మధ్య సోల్డర్ చెయ్యి. 500 కె, 470 కె కలిసి 240 కె చిల్లరగా పనిచేస్తాయి. పికప్ మీద భారం పెరిగి పై ఫ్రీక్వెన్సీల మొన కాస్త వంగుతుంది. జేబీ గుచ్చుకుంటుందనేవాళ్ళు 250 కె పాట్ వేసుకునేది ఇందుకే. ఐరన్ బాగా వేడెక్కాక రెండు సెకన్లలో పని కానియ్. పాట్ మీద ఐరన్ ఆనించి కూర్చుంటే లోపల ట్రాక్ కాలుతుంది. ముందు కాలికి కాస్త పేస్ట్ రాసి, లెడ్ పట్టించు, తర్వాత రెసిస్టర్.

ఇది నచ్చకపోతే తీసేయొచ్చు. పికప్ కొన్నాక తీసేయలేవు.

రేణిగుంట రిఫ్
వాడు పికప్ కొంటానంటే మీరంతా కలిసి కొననిచ్చేలా లేరు.

గ్రీమ్స్‌పేట గిటార్
కొంటాడులే. మైక్రోఫోనిక్ పికప్‌తో ఎంతకాలం లాగుతాడు. ఏది కొనాలో తెలుసుకుని కొంటాడు, అదే తేడా.

అలిపిరి ఆర్పెజియో
మధ్యలో వస్తున్నా, నాదీ ఇలాంటి బాధే. నాది మూడు సింగిల్ కాయిల్స్ ఉన్న స్ట్రాట్. జాతర స్టేజీ మీద జనరేటర్, ఎల్ఈడీ లైట్లు వేస్తే బ్రిడ్జ్ పికప్ ఝుమ్ అని ఒకటే మోత. హంబకర్ పెట్టించాలంటే పిక్‌గార్డ్ కోయాలా?

టంకం మేస్త్రీ
అక్కర్లేదు. సింగిల్ కాయిల్ సైజులోనే వచ్చే హంబకర్లు ఉన్నాయి. సేమోర్ డంకన్ హాట్ రెయిల్స్, లిటిల్ 59, జేబీ జూనియర్. డిమార్జియో ఫాస్ట్ ట్రాక్ కూడా. స్క్రూ రంధ్రాలతో సహా సరిపోతాయి. హాట్ రెయిల్స్ బాగా లావు సౌండ్, స్ట్రాట్ గొంతు పోతుంది. స్ట్రాట్ గొంతు కొంతైనా ఉండాలంటే లిటిల్ 59.

కానీ ఒకటి గమనించు. తీగల మీద చెయ్యి వేస్తే మోత తగ్గుతుందా, పెరుగుతుందా?

అలిపిరి ఆర్పెజియో
చెయ్యి వేస్తే కొంత తగ్గుతుంది. ఒక స్టేజీ మీద మాత్రం మైకుకి పెదవి తగిలితే సుర్రుమంది.

టంకం మేస్త్రీ
తగ్గితే గిటార్ గ్రౌండ్ సరిగ్గానే ఉంది, షీల్డింగ్ లేదు. గుంట లోపల రాగి టేపు అతికించి, అన్ని ముక్కలూ ఒకదానికొకటి తగిలేలా చేసి గ్రౌండ్‌కి కలిపితే గరగర బాగా తగ్గుతుంది. 50 హెర్ట్జ్ హమ్‌కి మాత్రం హంబకరే మందు, టేపు పెద్దగా పనిచేయదు. రెండూ వేరువేరు రోగాలు.

సుర్రుమన్నది పికప్ విషయం కాదు. అలాంటి స్టేజీ ఎక్కొద్దు. జనరేటర్‌కి ఎర్త్ లేదు, లేదా ఎక్కడో ఫేజు లీకవుతోంది. గిటార్ తీగలు ఒక గ్రౌండ్‌కి, మైకు ఇంకో గ్రౌండ్‌కి ఉంటే మధ్యలో నువ్వే వైరువి. టెస్టర్ జేబులో పెట్టుకో. వాయించే ముందు మైకు జాలీకీ గిటార్ బ్రిడ్జ్‌కీ మధ్య మీటర్‌తో ఏసీ వోల్టేజి చూడు. పదుల్లో చూపిస్తే సౌండ్ వాడిని పిలిచి ఎర్త్ వేయించాకే ప్లగ్ పెట్టు. పార్టీ వాళ్ళు తొందరపెడతారు, పెట్టనీ.

గమకం
మేస్త్రీ గారు చెప్పింది అందరూ చదవాలి. సింగర్లకి కూడా చూపించండి.

కొర్లగుంట కుర్రాడు
రెసిస్టర్ వేశాను. గుచ్చుకోవడం బాగా తగ్గింది! కానీ సింగిల్ కాయిల్స్ కూడా కాస్త మందకొడి అయ్యాయి. అవి ఇంతకుముందు మరీ గరుకుగా ఉండేవి కాబట్టి నాకు నచ్చింది. డిస్టార్షన్‌లో కార్డ్ విడివిడిగా రావడం మాత్రం ఇంకా లేదు. కీచు ఉంది.

కొనేస్తాను. 59 వైపే మనసు. బెంగళూరులో ఒకాయన సెకండ్‌హ్యాండ్ అమ్ముతున్నారు. ఎస్‌హెచ్-1 ఒకటి, టీబీ-59 ఒకటి ఉన్నాయంటున్నారు. తేడా ఏంటి? ఫోటోలో ఒకేలా ఉన్నాయి.

గ్రీమ్స్‌పేట గిటార్
టీబీ అంటే ట్రెంబకర్. పోల్స్ మధ్య దూరం ఎక్కువ. ట్రెమోలో బ్రిడ్జ్ ఉన్న గిటార్లలో తీగలు కాస్త ఎడంగా ఉంటాయి, వాటి కోసం. బ్రిడ్జ్ దగ్గర మొదటి తీగ మధ్య నుంచి ఆరో తీగ మధ్యకి కొలువు. 52, 53 మిల్లీమీటర్లు వస్తే టీబీ. 50 లోపు అయితే ఎస్‌హెచ్. డిమార్జియో అయితే దీన్నే ఎఫ్ స్పేసింగ్ అంటుంది. కొంచెం అటూ ఇటూ అయినా సౌండ్ వస్తుంది, కొంపేమీ మునగదు. కానీ ఎంచుకునే అవకాశం ఉన్నప్పుడు సరైనదే తీసుకో.

కొర్లగుంట కుర్రాడు
52 వచ్చింది. టీబీనే.

టంకం మేస్త్రీ
డబ్బులు పంపే ముందు మీటర్ పెట్టి వీడియో తీయమను. బెంగళూరు చల్లగానే ఉంటుంది, 8 దగ్గర చూపించాలి. అసలు ఏమీ చూపించకపోతే కాయిల్ తెగినట్టు, 4 చూపిస్తే ఒక కాయిలే పనిచేస్తున్నట్టు. వైర్లు నాలుగు రంగులు, ఒక వట్టి తీగ ఉండాలి. పొట్టిగా కోసేశారేమో కూడా చూడు, కనీసం జానెడు మిగిలి ఉండాలి.

డంకన్ రంగులు: నలుపు హాట్, అంటే సిగ్నల్ వైరు. ఎరుపు, తెలుపు ఒకదానికొకటి కలిపి సోల్డర్ చేసి టేపు చుట్టేయి, దేనికీ తగలకూడదు. ఆకుపచ్చ, వట్టి తీగ రెండూ గ్రౌండ్. డిమార్జియోలో ఎరుపు హాట్, నలుపు తెలుపు కలపాలి. ఏదో వీడియో చూసి ఆ కంపెనీ లెక్క ఈ కంపెనీకి వేయొద్దు.

నీ పాత పికప్ వైర్లు తీసే ముందు ఫోన్‌తో ఫోటో తీసి పెట్టుకో.

ఓమ్స్ శాంతి
ఇంకొక పరీక్ష, బిగించే ముందే. పాత ముల్లు మీటర్ ఉంటే పికప్ హాట్, గ్రౌండ్ వైర్లకి కలిపి, స్క్రూడ్రైవర్‌ని పోల్స్ మీద ఆనించి చటుక్కున లాగండి. ముల్లు ఒక వైపు కొట్టుకుంటుంది. మిడిల్ సింగిల్ కాయిల్‌కి కూడా అలాగే చేయండి. రెండూ ఒకే వైపు కొట్టుకుంటే ఫేజు కలిసింది, అంటే రెండు పికప్‌ల సిగ్నల్ ఒకే దిక్కులో ఉంది. డిజిటల్ మీటర్లో అంకెలు ఎగురుతాయి తప్ప సరిగ్గా అర్థం కాదు.

కొర్లగుంట కుర్రాడు
టీబీ-59 వచ్చింది. బెంగళూరు వీడియోలో 8.2, మా ఇంట్లో 8.7. సార్ లెక్క ప్రకారమే ఉంది కాబట్టి కంగారు పడలేదు. ముల్లు మీటర్ దొరకలేదు, నేరుగా బిగించేశాను.

బ్రిడ్జ్ ఒక్కటే పెడితే, మైనర్ సెవెన్త్‌లో నాలుగు స్వరాలూ వినిపిస్తున్నాయి! డిస్టార్షన్‌లో కూడా. గోటితో కొడితే చిన్న టక్, అంతే. ఔట్‌పుట్ తగ్గింది, ప్రాసెసర్‌లో గెయిన్ కొంచెం పెంచాను. అరచెయ్యి బ్రిడ్జ్ మీద ఆనించి వాయిస్తే లావు తీగ గట్టిగా, పొట్టిగా వస్తోంది, ఇంతకుముందులా ఉబ్బడం లేదు. రెసిస్టర్ ఉంచాలా తీయాలా ఇంకా తేల్చుకోలేదు.

ఒక్క సమస్య. సెలెక్టర్ రెండో స్థానంలో, అంటే బ్రిడ్జ్, మిడిల్ కలిపితే సౌండ్ పల్చగా, ముక్కుతో పాడినట్టు ఉంది. బేస్ అసలు లేదు.

టంకం మేస్త్రీ
ఫేజు ఎదురు పడింది. సింగిల్ కాయిల్ కంపెనీ ఒకటి, హంబకర్ ఇంకొకటి, ఎవరి దిక్కు వాళ్ళది. నలుపు, ఆకుపచ్చ తారుమారు చెయ్యి. ఆకుపచ్చ హాట్‌కి, నలుపు గ్రౌండ్‌కి. వట్టి తీగ ఎప్పుడూ గ్రౌండ్‌లోనే ఉంటుంది, దాన్ని కదపొద్దు. ఎరుపు, తెలుపు అలాగే ఉండనీ.

రేణిగుంట రిఫ్
ముక్కు సౌండ్ కూడా కొందరికి ఇష్టమే. ఫంక్ కొడితే బాగుంటుంది.

కొర్లగుంట కుర్రాడు
తారుమారు చేశాను, రెండో స్థానం నిండుగా వచ్చింది. రిఫ్ అన్నా, ఫంక్ ఇంకోసారి చూద్దాం.

రెసిస్టర్ తీసి చూశాను, మళ్ళీ పెట్టాను, చివరికి తీసేశాను. 59కి అది అక్కర్లేదనిపించింది. పై స్వరాల మెరుపు బాగుంది, గుచ్చుకోవడం లేదు. సింగిల్ కాయిల్స్ గరుకు తిరిగి వచ్చింది, దానికి టోన్ నాబ్ ఉందిగా. రిసెప్షన్ ఒకటి వాయించాను దీనితో. కీబోర్డ్ అన్న సౌండ్ చెక్‌లోనే "గిటార్ మార్చావా?" అన్నాడు.

గ్రీమ్స్‌పేట గిటార్
పాత పికప్ ఏం చేస్తావు?

కొర్లగుంట కుర్రాడు
డబ్బాలో ఉందన్నా. ఎవరు కొంటారు దాన్ని.

టంకం మేస్త్రీ
పారేయకు. మైనం పట్టిస్తే కీచు పోతుంది. అడుగున నాలుగు స్క్రూలు విప్పి, సెరామిక్ మాగ్నెట్ కడ్డీ తీసి ఆల్నికో 5 కడ్డీ పెడితే గొంతు మారుతుంది. నా దగ్గర ఒక కడ్డీ ఉంది. సెరామిక్ కడ్డీ లావుగా ఉంటుంది కాబట్టి మిగిలిన సందులో సన్న రేకు పెట్టాలి, ఉత్తర దక్షిణ దిక్కులు పాత కడ్డీకి ఉన్నట్టే ఉంచాలి. చిత్తూరు వైపు ఎప్పుడు వస్తావు?

అలిపిరి ఆర్పెజియో
నా గిటార్‌కి రాగి టేపు కూడా అప్పుడే వేయించొచ్చా?

టంకం మేస్త్రీ
వేయొచ్చు. టేపు నేను తెప్పిస్తాను, లిటిల్ 59 మాత్రం నువ్వే తెచ్చుకో.

కొర్లగుంట కుర్రాడు
వచ్చే ఆదివారం చిత్తూరు నాగయ్య కళాక్షేత్రం దగ్గర మాకు ప్రోగ్రాం ఉంది. మధ్యాహ్నానికే వచ్చేస్తాను. ఆర్పెజియో, నువ్వూ బయల్దేరు, ఒకే బస్సులో పోదాం.